ఆర్మేనియన్, ఫిన్నిష్ భాషల పోలిక: తరచుగా అడిగే ప్రశ్నలు

కాకసస్ పర్వతాలకు దక్షిణాన ఉన్న చిన్న దేశపు భాష ఒకటి, బాల్టిక్ సముద్రానికి ఉత్తరాన ఉన్న అడవుల దేశపు భాష మరొకటి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. భాషల మధ్య చుట్టరికం వేరు, పోలిక వేరు అన్న సంగతి ఈ జంటలో స్పష్టంగా కనిపిస్తుంది. అంతేకాక, తెలుగు వచ్చినవారికి ఈ రెండు భాషలూ చెరొక వైపు నుంచి పరిచయమైనవిగా తోస్తాయి.

చదివేముందు ఒక మాట. పరాయి పదాలన్నిటినీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. ఆర్మేనియన్ పదాల్లో ఖ, ఛ, థ వంటివి కనిపిస్తే వాటిని నిజంగానే ఒత్తి పలకాలి. ఫిన్నిష్ పదాల్లో "్యా" అని ఉన్నచోట "బ్యాంకు"లో వినిపించే అచ్చును, "యు", "యొ" అని ఉన్నచోట ఎక్కువగా ఇ, ఎ లను పెదవులు గుండ్రంగా చుట్టి పలికే అచ్చులను ఊహించుకోవాలి.

ఈ రెండు భాషలకు చుట్టరికం ఉందా?

లేదు. ఆర్మేనియన్ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినది, అంటే సంస్కృతం, గ్రీకు, లాటిన్, పారశీకం ఉన్న కుటుంబానిది. ఆ కుటుంబంలో అది ఏ ఇతర శాఖలోనూ చేరదు, తానే ఒక శాఖ. ఫిన్నిష్ ఉరాలిక్ కుటుంబానికి చెందినది. ఎస్టోనియన్ దానికి దగ్గరి చుట్టం, సామీ భాషలు కొంచెం దూరం, హంగేరియన్ ఇంకా దూరం. ఇండో-యూరోపియన్, ఉరాలిక్ కుటుంబాలు రెండూ ఏదో అతి పురాతన కాలంలో ఒకే మూలం నుంచి చీలిపోయాయని వాదించే పండితులు ఉన్నారు. పేరును ఫిన్నిష్‌లో "నిమి" అనడం, ఆర్మేనియన్‌లో "అనున్" అనడం, సంస్కృతంలో "నామ" అనడం వంటివి వారు చూపే సాక్ష్యాలు. చూడడానికి ఆకర్షణీయంగా ఉన్నా, ఆ వాదం ఇప్పటివరకు నిరూపణ కాలేదు.

ఆర్మేనియన్ సంస్కృతానికి చుట్టమైతే, ఆ పోలిక పైకి ఎందుకు కనిపించదు?

కనిపించకపోవడానికి కారణం ఆర్మేనియన్‌లో జరిగిన ధ్వని మార్పులు. అవి ఎంత లోతైనవంటే, 19వ శతాబ్దంలో చాలాకాలం పండితులు కూడా దానిని ఇరానియన్ భాషలలో ఒకటిగానే లెక్కవేశారు. ప్రాచీన ఇరాన్‌ను ఏలిన పార్థియన్ల పాలనలోనూ వారి పొరుగునా గడిచిన శతాబ్దాలలో ఆర్మేనియన్‌లోకి ఇరానియన్ పదాలు వరదలా వచ్చి చేరాయి, పైకి కనిపించినవి అవే. ఆ అరువు పదాలను పక్కన పెట్టి, మిగిలిన సొంత పదాలు ఏ నియమాల ప్రకారం మారాయో పరిశీలించి, అది స్వతంత్ర శాఖ అని 1875లో నిరూపించినవాడు జర్మన్ పండితుడు హైన్రిష్ హ్యూబ్ష్‌మన్.

ఆ నియమాలు తెలిస్తే పోలికలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. పూర్వపు "ప" ఆర్మేనియన్‌లో "హ" అయింది, కొన్నిచోట్ల పూర్తిగా రాలిపోయింది. అందువల్ల పితృ శబ్దానికి సాటి పదం "హాయ్ర్", పంచకు సాటి "హింగ్", పాదానికి సాటి ప్రాచీన పదం "ఒత్న్". "ద" కాస్తా "త" అయింది కాబట్టి దశ అక్కడ "తాస్". "గ" కాస్తా "క" అయింది కాబట్టి గోవు అక్కడ "కొవ్". మాతృ "మాయ్ర్"గా, దుహితృ "దుస్త్ర్"గా ఉన్నాయి. ఇక్కడివరకు మనవారు తలూపుతారు. "ద్వి" అన్నదానికి సాటి పదం "ఎర్కు" అని చెబితే మాత్రం ఎవరూ వెంటనే నమ్మరు. పదం మొదట్లోని "ద్వ్" అనే జంట ఆర్మేనియన్‌లో "ఎర్క్"గా మారిందని ఫ్రెంచ్ పండితుడు ఆంత్వాన్ మేయే చూపాడు. అలాగే "స్వ్" అనే జంట "ఖ్" అయింది, అందుకే స్వసృ, అంటే సోదరి, అక్కడ "ఖుయ్ర్". చెవికి ఒకేలా వినిపించడం చుట్టరికానికి రుజువు కాదు. మార్పు ఒకే క్రమంలో అనేక పదాలలో జరిగి ఉండడమే రుజువు.

ఇందుకు ఎదురు ఉదాహరణ కూడా చెప్పుకోవాలి. "మేము" అన్న అర్థంలో ఫిన్నిష్‌వారు "మె" అంటారు, ఆర్మేనియన్లు "మెంఖ్" అంటారు. మూడు భాషలూ మకారంతో మొదలుపెట్టినంత మాత్రాన మూడూ అక్కచెల్లెళ్లు కావు.

ఫిన్నిష్‌కు ద్రావిడ భాషలతో సంబంధం ఉందని విన్నాం. నిజమేనా?

ఆ ఊహ పాతదే. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్‌వెల్, ఫిన్నిష్‌తో సహా అనేక భాషలను "సిథియన్" అనే ఒకే గంపలో వేసి, ద్రావిడ భాషలకు వాటితో చుట్టరికం ఉండవచ్చని భావించాడు. తరువాతి కాలంలోనూ కొందరు ఆ దారిలో నడిచారు. భాషా శాస్త్రవేత్తలలో అత్యధికులు దీనిని అంగీకరించరు. పదాలకు చివర ప్రత్యయాలు చేర్చుకుంటూ పోయే పద్ధతి ప్రపంచంలో చాలా చోట్ల విడివిడిగా పుట్టింది కాబట్టి, ఆ పద్ధతి ఉన్నంత మాత్రాన ఒకే ఇంటివారని చెప్పలేం.

అయితే ఫిన్నిష్‌కు మన దేశపు భాషలతో నిజమైన సంబంధం ఒకటుంది, అది చుట్టరికం కాదు, అరువు. వేల సంవత్సరాల క్రితం ఉరాలిక్ ప్రజలు, సంస్కృతానికి పూర్వరూపమైన ఇండో-ఇరానియన్ మాట్లాడేవారు ఇరుగుపొరుగుగా ఉన్నారు. ఆ కాలపు గుర్తుగా ఫిన్నిష్‌లో నూరును నేటికీ "సత" అంటారు, అది మన శతమే. సుత్తిని "వసర" అంటారు, అది వజ్రానికి సాటి పదం. హెల్సింకిలో ఒక వడ్రంగి పట్టుకున్న సుత్తి పేరు ఇంద్రుని ఆయుధం పేరుతో కలవడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే తోస్తుంది.

చుట్టరికం లేకపోతే, ఈ రెండు భాషలకు పోలికలే ఉండవా?

చాలానే ఉన్నాయి. మొదటిది, రెండింటిలోనూ వ్యాకరణ లింగం లేదు. అతడు, ఆమె అనే తేడా లేకుండా ఫిన్నిష్‌వారు "హ్యాన్" అంటారు, ఆర్మేనియన్లు "నా" అంటారు. మన చెవికి ఆ "నా" కాస్త తికమక పెడుతుంది. ప్రాచీన ఇండో-యూరోపియన్ భాషలలో లింగభేదం బలంగా ఉండేది. ఆర్మేనియన్ దానిని ఐదవ శతాబ్దపు తొలి గ్రంథాల నాటికే వదిలేసింది. ఫిన్నిష్‌కు అది మొదటి నుంచీ లేదు. కారణాలు వేరు, ఫలితం ఒకటే.

రెండవది, "నా పుస్తకం" అనడానికి రెండు భాషలూ నామవాచకం చివర చిన్న ప్రత్యయం తగిలిస్తాయి. ఫిన్నిష్‌లో "కిర్య" అంటే పుస్తకం, "కిర్యని" అంటే నా పుస్తకం, "కిర్యసి" అంటే నీ పుస్తకం. ఆర్మేనియన్‌లో "గిర్ఖ్" అంటే పుస్తకం, "గిర్ఖస్" నా పుస్తకం, "గిర్ఖద్" నీ పుస్తకం. మూడవది, సంఖ్య తరువాత వచ్చే నామవాచకం సాధారణంగా ఏకవచనంలోనే ఉంటుంది. మనం "రెండు ఇళ్లు" అంటాం, వారు "రెండు ఇల్లు" అన్నట్టు మాట్లాడతారు.

నాలుగవది మనకు బాగా పరిచయమైనది. యూరప్ భాషలలో ఎక్కువ భాగం "కింద" అన్న మాటను నామవాచకానికి ముందు పెడతాయి. ఈ రెండూ ఎక్కువగా తరువాతే పెడతాయి. బల్ల కింద అనడానికి ఫిన్నిష్‌లో "ప్యొయ్ద్యాన్ అల్ల", ఆర్మేనియన్‌లో "సెఘని తక్". బల్ల అన్న మాట ముందు షష్ఠీ రూపం తెచ్చుకుంటుంది, ఆ తరువాత కింద అన్న మాట వస్తుంది. మనం "చెట్టు" ను "చెట్టు కింద" అనీ, "ఇల్లు"ను "ఇంటి కింద" అనీ అనడంలో ఉన్నది ఇదే పద్ధతి.

తేడా కూడా చెప్పుకోవాలి. ఆర్మేనియన్‌లో "ఆ ఫలానా పుస్తకం" అన్న నిశ్చయార్థానికి పదం చివర ఒక చిన్న అస్పష్టమైన అచ్చు గాని, "న్" గాని చేరుతుంది. ఫిన్నిష్‌లో అలాంటి నిశ్చయార్థక ప్రత్యయమే లేదు.

ఫిన్నిష్‌లో పదిహేను విభక్తులు ఉన్నాయంటారు. నేర్చుకోవడం సాధ్యమేనా?

లెక్క నిజమే, భయం మాత్రం అనవసరం. ఫిన్నిష్‌లో "తలొ" అంటే ఇల్లు. "తలొస్స" ఇంట్లో, "తలొస్త" ఇంట్లోంచి, "తలోన్" ఇంట్లోకి, "తలొల్ల" ఇంటి దగ్గర, "తలొల్త" ఇంటి దగ్గర నుంచి, "తలొల్లె" ఇంటి దగ్గరకు. లోపల అన్నదానికి మూడు, దగ్గర అన్నదానికి మూడు. ఉండటం, రావటం, పోవటం అనే మూడు భావాలను రెండు వరుసలలో పేర్చారు, అంతే. తెలుగులో "లో, లోంచి, లోకి" అని రోజూ అనే మనకు ఇందులో కొత్తదనం ఏమీ లేదు. అందరూ విభక్తి సంఖ్య చూసి హడలిపోతారు గానీ, అసలు చిక్కు వేరేచోట ఉంది.

ఆ చిక్కు కర్మ విషయంలో వస్తుంది. "లుయెన్ కిర్యా" (ఇక్కడ చివరిది మామూలు దీర్ఘ ఆకారమే, "బ్యాంకు"లోని అచ్చు కాదు) అంటే పుస్తకం చదువుతున్నాను అని, "లుయెన్ కిర్యన్" అంటే పుస్తకం చదివేస్తాను, పూర్తిచేస్తాను అని అర్థం. క్రియ మారలేదు, పుస్తకం అన్న మాట విభక్తి మారింది. పని పూర్తయిందా, సాగుతోందా అన్నది మనం క్రియలో చూపిస్తే, వారు కర్మలో చూపిస్తారు. ఏళ్ల తరబడి ఫిన్లాండ్‌లో ఉన్నవారు కూడా ఇక్కడ తడబడతారు.

తూర్పు ఆర్మేనియన్‌లో సంప్రదాయంగా ఏడు విభక్తులు చెబుతారు, కొన్నిటి రూపాలు ఒకటే కావడంతో వేరుగా కనిపించేవి అంతకంటే తక్కువ. "ఖఘఖ్" అంటే నగరం. ఇందులోని "ఘ"ను మన ఘకారంలా కాక, ఉర్దూలో "గజల్" అన్నప్పుడు గొంతు లోపలి నుంచి రాపిడితో వచ్చే ధ్వనిలా పలకాలి. "ఖఘఖుమ్" నగరంలో, "ఖఘఖిత్స్" నగరం నుంచి, "ఖఘఖ్నెర్" నగరాలు, "ఖఘఖ్నెరుమ్" నగరాలలో. ముందు బహువచనం, తరువాత విభక్తి. "నగరాలలో" అన్న తెలుగు మాటలోనూ వరుస ఇదే. ప్రాచీన ఆర్మేనియన్‌లో ఇలా లేదు. అక్కడ సంస్కృతంలో లాగా వచనమూ విభక్తీ ఒకే ప్రత్యయంలో కరిగి ఉండేవి. శతాబ్దాల మీదుగా ఆ భాష తన పూర్వ రూపాన్ని విడిచి, ప్రత్యయాలను ఒకదాని వెనుక ఒకటి పేర్చే తీరుకు మారింది. టర్కిక్ భాషల పొరుగు అందుకు కొంత కారణమని చాలామంది భావిస్తారు.

రెండు భాషలలో ప్రశ్న ఎలా అడుగుతారు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు అన్నిటికంటే ఇష్టం. తెలుగులో "వస్తావా?" అంటాం. పదం చివర ఆకారం చేర్చితే ప్రశ్న అయిపోతుంది. ఏ మాట మీద అనుమానం ఉంటే ఆ మాటకే దానిని చేర్చగలం: "రేపు వస్తావా?", "రేపా వచ్చేది?", "నువ్వా వచ్చేది?". ఫిన్నిష్‌వారు సరిగ్గా ఇదే చేస్తారు, ఆకారానికి బదులు "కొ" లేదా "క్యొ" చేరుస్తారు. "తులెత్కొ హువొమెన్న?" అంటే రేపు వస్తావా. "హువొమెన్నకొ తులెత్?" అంటే రేపా వచ్చేది. "సిన్యాక్యొ తులెత్?" అంటే నువ్వా వచ్చేది. ప్రత్యయం తగిలిన మాట వాక్యం ముందుకు వస్తుంది.

ఆర్మేనియన్‌లో అలాంటి ప్రత్యయం లేదు, స్వరంతోనే అడుగుతారు. కానీ రాతలో వారి ప్రశ్నార్థకం వాక్యం చివర ఉండదు, అడుగుతున్న మాటలో ఊనిక పడే అచ్చు మీద చిన్న గుర్తుగా ఉంటుంది. పైగా సహాయక క్రియ కూడా ఆ మాట పక్కకు జరుగుతుంది. "దు గాలిస్ ఎస్" అన్నప్పుడు "గాలిస్" మీద గుర్తు పెడితే నువ్వు వస్తున్నావా అని అర్థం. "దు ఎస్ గాలిస్" అని, "దు" మీద గుర్తు పెడితే నువ్వేనా వస్తున్నది అని అర్థం. చేసే పద్ధతులు వేరు, కానీ అనుమానం ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టి చూపించాలన్న పట్టుదల మూడు భాషలలోనూ ఉంది. అన్నట్టు, ఆర్మేనియన్‌లో వాక్యం ముగిసినప్పుడు పెట్టే గుర్తు మనం వాడే విసర్గలా, ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలుగా ఉంటుంది.

కాదు, లేదు, ఉంది అనేవి ఎలా చెబుతారు?

తెలుగులో "రాయను, రాయవు, రాయడు" అని వ్యతిరేక క్రియే పురుషను బట్టి మారుతుంది. ఫిన్నిష్‌లో కాదు అనే మాటే ఒక క్రియ. "ఎన్ కిర్యొయిత" నేను రాయను, "ఎత్ కిర్యొయిత" నువ్వు రాయవు, "ఎయి కిర్యొయిత" అతడు లేదా ఆమె రాయదు. మారేది "ఎన్, ఎత్, ఎయి" మాత్రమే, రాయడం అన్న మాట అలాగే ఉంటుంది. ఆర్మేనియన్‌లో "గ్రుమ్ ఎమ్" అంటే రాస్తున్నాను. వ్యతిరేకంలో సహాయక క్రియకు "ఛ" చేరి, ముందుకు దూకి, "ఛెమ్ గ్రుమ్", "ఛెస్ గ్రుమ్", "ఛి గ్రుమ్" అవుతుంది. రెండింటిలోనూ కాదు అన్న మాటకే పురుష ప్రత్యయాలు ఉండడం చుట్టరికం లేని పోలికకు మంచి ఉదాహరణ.

కలిగి ఉండటం దగ్గర మాత్రం దారులు విడిపోతాయి. "నాకు ఇల్లు ఉంది" అని మనం అన్నట్టే ఫిన్నిష్‌వారు "మినుల్ల ఒన్ తలొ", అంటే నా దగ్గర ఇల్లు ఉంది, అంటారు. ఆర్మేనియన్‌లో కలిగి ఉండటానికి "ఉనెమ్" అనే ప్రత్యేక క్రియ ఉంది.

ఉచ్చారణలో ఏది తెలుగువారికి దగ్గర?

అచ్చుల విషయంలో ఫిన్నిష్, హల్లుల విషయంలో ఆర్మేనియన్.

ఫిన్నిష్‌లో అచ్చులు ఎనిమిది, ప్రతిదానికీ హ్రస్వ దీర్ఘాలు ఉన్నాయి, హల్లులకు ద్విత్వం ఉంది. "తులి" నిప్పు, "తూలి" గాలి, "తుల్లి" సుంకం. ఇంగ్లీషువారు ఈ మూడింటి మధ్య తేడా పట్టుకోలేక నెలలు గడుపుతారు. గడి, గాడి, గడ్డి అనే మాటల తేడా పుట్టుకతో తెలిసిన మనకు అది ఒక సమస్యే కాదు. "తలొన్" అంటే ఇంటి, "తలోన్" అంటే ఇంట్లోకి; లాటిన్ లిపిలో ఒక అక్షరం రెండుసార్లు రాసి చూపే ఈ తేడాను మన లిపి ఒక్క గుణింతపు గుర్తుతో చూపుతుంది.

ఫిన్నిష్‌లో స్వరసామ్యం అనే నియమం ఉంది. పదంలో అ, ఒ, ఉ ఉంటే ప్రత్యయంలోనూ అదే జాతి అచ్చు రావాలి, "్యా, యొ, యు" జాతి ఉంటే ప్రత్యయం కూడా అటే మొగ్గాలి. అందుకే ఇంట్లో అంటే "తలొస్స", అడవిలో అంటే "మెత్స్యాస్స్యా". మనం "అన్నకు" అంటాం, "కత్తికి" అంటాం, "పులి"ని "పులులు" చేస్తాం. అచ్చు తన పొరుగు అచ్చును లాగే గుణం మనకూ కొంత ఉంది.

ఇంకా ముచ్చటైన సంగతి హల్లుల మార్పు. ఫిన్నిష్‌లో "కతు" అంటే వీధి, "కదున్" అంటే వీధి యొక్క. "తప" అంటే అలవాటు, "తవన్" అంటే అలవాటు యొక్క. తుర్కు నగరంలో అనడానికి "తురుస్స" అంటారు, కకారం మాయం. త కాస్తా ద, ప కాస్తా వ అవడం చూస్తే బడిలో చదివిన గసడదవాదేశ సంధి గుర్తు రాక మానదు: తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులు, వాడు పోయె అన్నది వాడు వోయె. మనకు రెండు పదాలు కలిసేచోట జరిగేది, వారికి ఒకే పదంలో అక్షరం హల్లుతో మూతపడినప్పుడు జరుగుతుంది. "క్యాసి" అంటే చేయి, "క్యాదెన్" అంటే చేతి, "క్యాతేన్" అంటే చేతిలోకి. చేయి, చేతి అన్న మన జంటను చూసి ఎవరైనా పొరబడితే వారిని తప్పుపట్టలేం.

ఆర్మేనియన్‌లో అచ్చులు ఆరే, హల్లులు ముప్ఫై. స్పర్శాలు మూడేసి వరుసలుగా ఉంటాయి: బ, ప, ఫ, ద, త, థ, గ, క, ఖ. ఇంగ్లీషువారికి ప, ఫ ల తేడా వినిపించదు, ఒత్తులు రాయడం నేర్చిన మనకు వినిపిస్తుంది. దంత్య చ, జ లు, అంటే పాత పుస్తకాలలో ౘ, ౙ గా రాసేవి, ఆర్మేనియన్‌లో వేరు వేరు అక్షరాలు. "చాప" అన్నప్పుడు మనం పలికే చకారం వారి వర్ణమాలలో సొంత స్థానం ఉన్న అక్షరం. రేఫలు రెండు, ఒకటి తేలికైనది, మరొకటి నాలుక అదిరేది. తెలుగు వర్ణమాలలో శకటరేఫ పేరుకు మిగిలింది, ఆర్మేనియన్‌లో దాని సాటిది ఇంకా బతికి ఉంది. కష్టమల్లా హల్లుల గుంపులలో ఉంది. రాతలో అచ్చు లేకుండా వరుసగా హల్లులు కనిపిస్తాయి, పలికేటప్పుడు మధ్యలో ఒక అస్పష్టమైన అచ్చును మనమే దూర్చుకోవాలి.

ఫిన్నిష్ దీనికి పూర్తి విరుద్ధం. పదం మొదట హల్లుల గుంపును పాత ఫిన్నిష్ సహించేది కాదు. స్వీడిష్ నుంచి వచ్చిన "స్కూల", అంటే బడి, మొదటి హల్లు రాలి "కొవులు" అయింది. మన పల్లెల్లో "ఇస్కూలు" అనేవారు ముందు ఒక అచ్చు తెచ్చుకున్నారు, వారు ఒక హల్లును వదిలించుకున్నారు. ఊనిక ఫిన్నిష్‌లో ఎప్పుడూ మొదటి అక్షరం మీద, ఆర్మేనియన్‌లో సాధారణంగా చివరి అక్షరం మీద పడుతుంది.

లిపులు ఎలాంటివి? పాత గ్రంథాలు ఏ భాషలో ఎక్కువ?

ఆర్మేనియన్ లిపిని క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్టోత్స్ అనే క్రైస్తవ సన్యాసి రూపొందించాడు. మొదట 36 అక్షరాలు, మధ్యయుగాలలో రెండు చేరి 38 అయ్యాయి, సోవియట్ కాలపు సంస్కరణల తరువాత ఆర్మేనియాలో 39 లెక్కిస్తారు. ఆయన శిష్యుడు కొర్యూన్ రాసిన జీవిత చరిత్ర ప్రకారం, ఆ లిపిలో మొదట అనువదించినది బైబిల్‌లోని సామెతల గ్రంథపు ప్రారంభ వాక్యం. ఆయన సమాధి ఒషకాన్ గ్రామంలో ఉంది. ఎరెవాన్‌లో ఆయన పేరు మీదున్న మతెనదరన్ సంస్థ వేలాది చేతిరాత ప్రతులను భద్రపరుస్తోంది. 1600 ఏళ్ల పండుగ సందర్భంగా 2005లో అరగాత్స్ పర్వతం వాలులో అక్షరాలన్నిటినీ రాతి శిల్పాలుగా నిలబెట్టారు.

ఫిన్నిష్ లాటిన్ లిపినే వాడుతుంది, స్వీడిష్ నుంచి వచ్చిన మూడు అదనపు అక్షరాలతో మొత్తం 29. పలికినట్టే రాస్తారు, ఇందులో అది మనకు దగ్గర. సాహిత్య వయసులో మాత్రం అది చిన్నది. మికాయెల్ అగ్రికొల రాసిన అక్షరమాల పుస్తకం 1543లో వచ్చింది, అదే ఫిన్నిష్‌లో తొలి అచ్చు పుస్తకం. అప్పటికి ఆర్మేనియన్‌లో చరిత్రలు, స్తోత్రాలు, వ్యాఖ్యానాలు వెయ్యేళ్లకు పైగా వెలువడుతున్నాయి. దానర్థం ఫిన్నిష్‌లో కవిత్వం లేదని కాదు, అది జనం నోట పాటగా ఉంది. వైద్యుడైన ఎలియాస్ లొన్రోత్ ఊరూరా తిరిగి ఆ పాటలను సేకరించి కూర్చిన కలెవల 1835లో మొదటిసారి, 1849లో విస్తరించిన రూపంలో అచ్చయింది. రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ 1863లో ఇచ్చిన శాసనంతో పాలనలో స్వీడిష్‌తో సమాన హోదాకు ఫిన్నిష్‌కు దారి తెరుచుకుంది.

రెండు భాషల తొలి అచ్చు పుస్తకాలూ సొంత గడ్డ మీద పుట్టలేదు. ఆర్మేనియన్‌ది 1512లో వెనిస్‌లో, ఫిన్నిష్‌ది స్టాక్‌హోమ్‌లో. తెలుగు అచ్చు కూడా 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో మొదలైందని గుర్తుచేసుకుంటే, ఈ విషయంలో ముగ్గురమూ ఒకటే. ప్రపంచంలో తొలి ఆర్మేనియన్ పత్రిక "అజ్‌దరార్" 1794లో వెలువడిన చోటు మన మద్రాసు. దానిని నడిపినవాడు హరుత్యున్ ష్మవొన్యన్ అనే మతగురువు. గోల్కొండ సుల్తానుల నాడు మచిలీపట్నం రేవులో వ్యాపారం చేసిన ఆర్మేనియన్ల తరువాతి తరాలవారు పత్రిక చదివే స్థాయిలో తీరం వెంట స్థిరపడ్డారు. హైదరాబాదు ఉప్పుగూడలో వారి పాత సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

మాట్లాడే భాషకూ రాసే భాషకూ తేడా ఉందా?

రెండింటిలోనూ ఉంది. ప్రాచీన ఆర్మేనియన్‌ను "గ్రబర్" అంటారు, అది మన గ్రాంథికంలా పండితుల చేతిలో 19వ శతాబ్దం వరకు నిలిచింది. ఖచతుర్ అబొవ్యన్ 1841లో రాసిన నవలలో ఎరెవాన్ ప్రాంతపు వాడుక భాషను వాడాడు. అది 1858లో గానీ అచ్చు కాలేదు. గిడుగు రామమూర్తి పంతులు పోరాటం తెలిసినవారికి ఈ కథ వేరే చెప్పనక్కరలేదు. నేటి ఆర్మేనియన్‌కు రెండు ప్రామాణిక రూపాలు ఉన్నాయి. తూర్పు రూపం ఆర్మేనియాలోనూ ఇరాన్‌లోనూ, పశ్చిమ రూపం లెబనాన్, ఫ్రాన్స్, అమెరికా వంటి దేశాలకు చెదిరిపోయిన వారిలోనూ ఉంది. తూర్పున "గ్రిగొర్" అనే పేరు పశ్చిమాన "క్రికొర్", "పెత్రొస్" కాస్తా "బెద్రొస్". పశ్చిమ ఆర్మేనియన్‌ను యునెస్కో 2010లో అంతరించే ప్రమాదమున్న భాషల పట్టికలో చేర్చింది.

ఫిన్నిష్‌కు ప్రామాణిక రూపం ఒకటే గానీ, దానిని పుస్తకంలో ఉన్నట్టు ఎవరూ మాట్లాడరు. "నేను ఉన్నాను" అన్నది పుస్తకంలో "మిన్యా ఒలెన్", నోట "మ్యా ఓన్".

రెండు భాషలకూ ఉమ్మడి పదాలు ఏమైనా ఉన్నాయా?

వంటింట్లో ఉన్నాయి. చక్కెరను ఆర్మేనియన్లు "షఖర్" అంటారు, ఫిన్నిష్‌వారు "సొకెరి" అంటారు. మిరియాన్ని ఆర్మేనియన్లు "పఘ్‌పెఘ్" అనీ, ఫిన్నిష్‌వారు "పిప్పురి" అనీ అంటారు. మొదటిది సంస్కృతపు శర్కర, రెండవది పిప్పలి. ఆర్మేనియన్‌కు పారశీకం మీదుగా, ఫిన్నిష్‌కు గ్రీకు, లాటిన్ దాటి స్వీడిష్ మీదుగా చేరాయి. చుట్టరికం ఇవ్వలేని ఉమ్మడి పదాలను మన దేశపు సరుకు ఇచ్చింది.

కొత్త పదాలు మాత్రం ఎవరివి వారు తయారు చేసుకున్నారు. ఫోనును ఆర్మేనియన్లు "హెరఖొస్" అంటారు, దూరం, మాట అనే రెండు పదాల కలయిక. మన దూరవాణి సరిగ్గా అదే, కాకపోతే మనది నిఘంటువులో ఉండిపోయింది, వారిది నోట ఆడుతోంది. ఫిన్నిష్‌వారు మాట్లాడటం అన్న క్రియ నుంచి "పుహెలిన్" చేసుకున్నారు. విమానాశ్రయం ఆర్మేనియన్‌లో "ఒదనవకయన్": గాలి, నావ, స్థానం. అందులోని "నవ్" మన నావే.

తెలుగువారు ఏది సులువుగా నేర్చుకోగలరు?

అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ ఇంగ్లీషువారి కోసం వేసిన లెక్కలో ఆర్మేనియన్, ఫిన్నిష్, తెలుగు మూడూ ఒకే వర్గంలో ఉన్నాయి, ఒక్కొక్కదానికి సుమారు 1100 గంటల తరగతులు. మనకు ఆ లెక్క వర్తించదు. నా అంచనాలో వాక్య నిర్మాణం, హ్రస్వ దీర్ఘాలు, విభక్తులు ఫిన్నిష్‌ను త్వరగా పట్టిస్తాయి. పదజాలం మాత్రం ఎక్కడా పట్టు దొరకని గోడలా నిలుస్తుంది. ఆర్మేనియన్‌లో మొదటి నెల లిపికే పోతుంది, ఆ తరువాత హిందీ, ఉర్దూ తెలిసినవారికి పదాలు తోడొస్తాయి: వెయ్యిని "హజార్" అనడం హైదరాబాదీలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

వైద్య విద్య కోసం ఎరెవాన్ వెళ్లే విద్యార్థులు పాఠాలు ఇంగ్లీషులో విన్నా, రోగితో మాట్లాడటానికి ఆర్మేనియన్ కావాలి కాబట్టి మొదటి సంవత్సరంలోనే లిపి నేర్చుకోవడం మంచిది. ఫిన్లాండ్‌లో ఉద్యోగానికి ఇంగ్లీషు సరిపోయే చోట్లు చాలా ఉన్నాయి, పౌరసత్వానికి సరిపోదు. అందుకు ఫిన్నిష్‌లో గానీ స్వీడిష్‌లో గానీ "యుకి" అనే జాతీయ భాషా పరీక్షలో సాధారణంగా మూడవ స్థాయి చూపించాలి. ఆ పరీక్షకు కూర్చునేవారు "లుయెన్ కిర్యా", "లుయెన్ కిర్యన్" తేడా మీద మిగిలినవాటికంటే రెట్టింపు సమయం పెట్టడం మేలు.